హాప్సలు స్టేషన్‌లో, మార్చి

ఇక్కడ రైళ్ళు ఆగిపోయి ముప్ఫై ఏళ్ళయింది.
ప్లాట్‌ఫాం మాత్రం ఇంకా పొడుగ్గానే ఉంది.
ఏ చక్రవర్తో తడవకుండా దిగాలని
వేసిన చెక్క పందిరి కింద
పాత టికెట్ల గది ఇప్పుడు మ్యూజియం.
అందులో ఇనుప పొయ్యి ఒకటి, నేనొకదాన్ని,
పంతొమ్మిదేళ్ళ ల్యాప్‌టాప్ ఒకటి.
దాని 'కె' మీట ఊడిపోతే
హెల్దుర్ తన పాత కోటు గుండీ అతికించాడు.
నలభై ఏళ్ళు సిగ్నళ్ళు వేసిన మనిషి.
ఏ మీట ఎంత గట్టిగా నొక్కాలో
అతనికి నేను చెప్పాలా?

దుకాణాల వాళ్ళందరూ అది ఎప్పుడో పోయిందన్నారు.
కొత్త సాఫ్ట్‌వేర్ ఏదెక్కించినా
మూడో అంతస్తుకి బియ్యం మూట మోసినవాడిలా రొప్పేది.
కిర్వెస్ ఒక్కటే దాని మీద తేలిగ్గా కూర్చుంది.
మా భాషలో కిర్వెస్ అంటే గొడ్డలి.
చేస్తున్నవాళ్ళు ఆరుగురో ఏడుగురో,
పేర్లే తప్ప మొహాలు తెలియవు.
తెరిస్తే నల్లటి తెర,
మినుకుమనే ఒక తెల్ల గీత.
స్వాగతం లేదు, సంగీతం లేదు,
'మీ కోసమే' అంటూ వెంటపడేది ఏదీ లేదు.
ఏం కావాలో నువ్వే చెప్పాలి.
చెప్పేదాకా నోరు మెదపదు.
ఇలాంటి మొగుడు దొరికుంటే
నేనూ కాపురం చేసేదాన్నే అంటుంది
నేల తుడుస్తూ లైనె.

ఇప్పుడు కొత్తది వస్తుందట.
ఎప్పుడని అడిగితే వాళ్ళ జవాబు ఎప్పుడూ ఒకటే:
అయినప్పుడు.

క్రిస్మస్‌కి వస్తుందనుకున్నాను.
క్రిస్మస్‌కి మంచు వచ్చింది.
ఫిబ్రవరిలో సముద్రం గడ్డకట్టి
దీవిదాకా కార్ల దారి తెరిచారు.
ప్రతి రాత్రీ వాళ్ళ మార్పుల చిట్టా చూస్తాను,
పొంగబోయే పాలను చూసినట్టు.
ఈ రోజు నూట నలభై వరుసలు తీసేశాం.
ఈ రోజు ఇంకో అరవై.
ఈ రోజు, ఇది ఎవరికీ అక్కర్లేదని తేలింది.
కొత్తదనగానే ఏం కలిపారని అడుగుతుంది లోకం.
ఏం పోయిందో చూసుకుని
నేను నిద్రపోతాను.

డిసెంబరులో నేనూ ఒకటి పంపాను.
గడియారం సంగతి.
అర్ధరాత్రి దాటగానే ఒక నిమిషం వెనక్కి నడిచేది.
సరిచేద్దామని మూడు వారాలు ఏదేదో రాశాను.
నా వెనక నిలబడి హెల్దుర్,
తెర మీద ఒక్క ముక్కా అర్థం కాకుండానే,
"ఒకే పట్టాకి రెండు సిగ్నళ్ళు పెడితే
డ్రైవరు రెండిటినీ నమ్మడు" అన్నాడు.
వెతికాను.
నిజంగానే రెండు చోట్ల
ఒకే టైముని దిద్దుతున్నాయి.
ఒకదాన్ని కొట్టేశాను.
పదకొండు వరుసలు.
నేను రాసింది సున్నా.

జవాబుగా ఒక్క మాట వచ్చింది: బాగుంది.
తీసుకున్నారో లేదో చెప్పలేదు.

జనవరి చివర్లో హెల్దుర్ చనిపోలేదు
(కవిత కదా, మీరలా అనుకుంటారని చెబుతున్నాను).
మోకాలి ఆపరేషన్‌కి టాలిన్ వెళ్ళాడు.
అక్కడి సూపులో ఉప్పు లేదని
రోజూ ఫోన్ చేసి తిడతాడు.
పెట్టేసే ముందు, గొంతు తగ్గించి:
"మన పదకొండూ వచ్చాయా?"
రావడం కాదు, పోవడం, అంటాను.
"అదేలే. పోయాయా?"

నిన్న మంచు దారి మూసేశారు.
రాత్రంతా అఖాతం
తడి దుప్పటి దులిపినట్టు చప్పుడు చేసింది.
పొద్దున ప్లాట్‌ఫాం మీద ఎవరో కుర్ర జంట,
తరువాతి రైలు అని రాసి ఉన్నచోట
ఖాళీని చదువుతున్నారు.
"ఏదైనా వస్తుందా?" అంది ఆ పిల్ల నవ్వుతూ.
వస్తుంది, అన్నాను.
ఎంత తగ్గి వస్తుందో చూడాలి.

ఆ పిల్లకి అర్థం కాలేదు. ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు.
లోపలికొచ్చి పొయ్యిలో కట్టె వేశాను.
కిర్వెస్ అని కొట్టాలంటే
ముందు కోటు గుండీ నొక్కాలి,
కొంచెం గట్టిగా, ఎడమవైపు.